బడి మాట: ముందు తరగతికో టీచర్ని అడుగుదాం

పోయిన సంచికలో 2020 జాతీయ విద్యా విధానం గురించి ఒక పేజీ రాసి, అది మీ ఊరి బడిలో ఎలా కనిపిస్తోందో రాయమని అడిగాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు, ఎక్కువ మంది అడిగిన వాటినే తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి కాస్త పెద్ద జవాబు రాశాను, ఎందుకంటే మిగతావన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నాయి.

ప్ర: మా ఊరి బడిలో ఒకటి నుంచి ఐదు దాకా కలిపి పద్నాలుగు మంది పిల్లలు, ఒక్క మాస్టారు. ఆయన మంచివారే, ఓపికగా చెప్తారు. కానీ ఆయన మీటింగుకు వెళ్తే ఆ రోజు బడి లేనట్టే. పక్కింటివాళ్లు వాళ్ల పిల్లల్ని ప్రైవేటు స్కూలు బస్సెక్కించేశారు. మా బాబు ఇప్పుడు మూడో తరగతి. ఉంచాలా, తీసేయాలా?
— ఒక తల్లి, పార్వతీపురం మన్యం జిల్లా

జ: అమ్మా, తీసేయొద్దని ఇక్కడ కూర్చుని చెప్పడం నాకు సులువే, రోజూ వాణ్ని బడికి పంపేది మీరు. అందుకని ముందు మీ మాస్టారి రోజు ఎలా గడుస్తుందో లెక్క వేసి చూపిస్తాను. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. మూడు, నాలుగు, ఐదుకు వీటితో పాటు పరిసరాల విజ్ఞానం. మొత్తం పద్దెనిమిది పాఠాలు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన అంటుంది, అంటే రోజుకు నాలుగు గంటలు. పద్దెనిమిదితో భాగిస్తే ఒక్కో పాఠానికి పదమూడు నిమిషాలు. అది కూడా ఆయన యాప్‌లో హాజరు వేయకుండా, భోజనం ఫొటోలు ఎక్కించకుండా, ఆఫీసు ఫోను ఎత్తకుండా ఉంటేనే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగేళ్లు నేనూ అలాంటి బడిలోనే చేశాను. ఐదో తరగతికి భాగహారం చెప్తుంటే ఒకటో తరగతి పిల్లలు పలక మీద అదే అక్షరం దిద్దుతూ కూర్చునేవాళ్లు, వాళ్ల దగ్గరికి వెళ్లేసరికి భోజనం గంట అయిపోయేది. ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలకు చదవడం నేర్పింది నిజానికి నేను కాదు, నాలుగో తరగతి చదివే ఒక అమ్మాయి. ఆ పిల్ల తన చదువు మానుకుని వాళ్లకు చెప్పేది. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధే.

అసలు చిక్కు ఏమిటంటే, కాగితం మీద మీ బడి చాలా బాగా కనిపిస్తుంది. ముప్పై మందికి ఒక టీచరు చాలని చట్టం అంటే మీ దగ్గర పద్నాలుగు మందికే ఒకరు ఉన్నారు మరి. తలలు లెక్కపెడుతున్నారు గానీ తరగతులు లెక్కపెట్టడం లేదు. చట్టం షెడ్యూల్లో ఉన్నదిది: 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, ఐదుగురు రావాలంటే బడిలో 121 మంది పిల్లలు ఉండాలి. అంటే చిన్న ఊళ్లో పుట్టిన పిల్లాడికి చట్టప్రకారం తరగతికో టీచరు ఎప్పటికీ రాడు. అదే కేంద్రీయ విద్యాలయంలో అయితే ప్రైమరీలో సెక్షన్‌కో టీచరు ఉంటారు. రెండూ సర్కారు డబ్బుతో నడిచే బడులే కదా! ఈ తేడా నాకు ఎన్నేళ్లయినా మింగుడు పడదు.

పైగా మీ బడికి చట్టం చెప్పిన ఆ ఇద్దరు కూడా లేరు. మీ ఒక్క ఊరి సంగతే కాదిది. కేంద్రం ఏటా బడుల నుంచి సేకరించే యూడైస్ లెక్కల్లో, 2024-25లో దేశం మొత్తం మీద 1,04,125 ఏకోపాధ్యాయ బడులు, వాటిలో 33 లక్షలకు పైగా పిల్లలు. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే, దాదాపు 12,900. తెలంగాణది ఇంకో బాధ, ఒక్క పిల్లా చేరని బడులు అక్కడ రెండు వేలు దాటాయి. నేను చూసినంతలో ఈ రెండూ ఒకే దారిలో ముందూ వెనకా ఉన్న మజిలీలు. టీచర్లు తగ్గుతారు, అది చూసి పిల్లలు వెళ్లిపోతారు, పిల్లలు లేరని మిగిలిన టీచరునూ తీసేస్తారు.

కలిపేయడం కూడా చేసి చూశారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 కింద 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకు తీసుకెళ్లారు. ఎనిమిదేళ్ల పిల్లలు పెద్దరోడ్లు, వాగులు దాటాల్సి వస్తోందని ఊరూరా తల్లిదండ్రులు బడి గేట్ల ముందు కూర్చున్నారు. 2025లో ఆ జీవో రద్దయింది, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. ఆ మాట ప్రభుత్వం నోట రావడమే పెద్ద సంగతి, నేను సంతోషించాను, కానీ అది దక్కింది పిల్లలు ఎక్కువున్న బడులకే. మీ పద్నాలుగు మందికి దక్కలేదు. ఒకటి, రెండు తరగతులు ఊళ్లోనే ఉంచి, పెద్ద పిల్లలకు ఉచితంగా బండి పెట్టి, అక్కడ తరగతికో టీచర్ని చూపించి అప్పుడు కలుపుతామంటే నేనూ ఒప్పుకుంటాను. బండి లేకుండా, టీచర్ని చూపించకుండా కలపడానికి మాత్రం ఒప్పుకోకండి.

ఇక బాబు సంగతి. ఇవాళ సాయంత్రం వాడి పోయినేడాది తెలుగు పుస్తకం తీసి, ఎక్కడైనా ఒక పేజీ చదివించండి. తడుముకోకుండా చదివితే ఉంచండి, మాస్టారు బాగానే లాక్కొస్తున్నారు. చదవలేకపోతే వెళ్లి ఆయనతోనే కూర్చుని మాట్లాడండి, రోజూ ఇంట్లో ఏ పేజీ చదివించాలో ఆయనే చెప్తారు. బస్సెక్కించినంత మాత్రాన చదవడం రాదు. ఆ స్కూల్లో మూడో తరగతి పిల్లలు ఎలా చదువుతున్నారో చూడకుండా మాత్రం డబ్బు కట్టకండి. రెండో టీచరు కోసం ఏం చేయాలో చివరి జవాబులో రాశాను, దయచేసి అది కూడా చదవండి.

ప్ర: ఫీజు బాకీ ఉందని పాత స్కూలు టీసీ ఇవ్వడం లేదు. గవర్నమెంటు బడిలో టీసీ లేకుండా చేర్చుకోరంటున్నారు. పాప ఆరో తరగతి.
— కర్నూలు నుంచి ఒక తండ్రి

జ: చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో పిల్లని చేర్చుకోకపోవడం, చేర్చుకోవడం ఆలస్యం చేయడం కుదరదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్లో ఉంది. ఆ సెక్షన్ నంబరు వేసి హెడ్మాస్టరు గారికి కాగితం రాసివ్వండి, పాపను రేపే బడికి పంపండి.

ప్ర: నేను ఆటో నడుపుతాను. మా అమ్మాయికి 25 శాతం కోటాలో ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి సీటొచ్చింది. ఇప్పుడు పుస్తకాలకు, యూనిఫామ్‌కు, ఇంకేదో ఫీజుకు కలిపి కట్టమంటున్నారు. కట్టకపోతే పాపను వెనక కూర్చోబెడతారేమో అని టెన్షన్‌గా ఉంది.
— గుంటూరు

జ: తమ్ముడూ, ఆ సీటు ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు పేద, బడుగు పిల్లలకు ఇవ్వాలని 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్ చెప్తోంది, 2012లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తేల్చింది. ఈ కోటా కింద చేరిన పిల్లలకు పుస్తకాలు, రాత సామాను, యూనిఫామ్ ఉచితంగా ఇవ్వాలని కేంద్ర నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది. వాళ్లను మిగతా పిల్లల నుంచి వేరుగా కూర్చోబెట్టకూడదు, వేరే సమయంలో క్లాసులు పెట్టకూడదు అని కూడా ఉంది. స్కూలువాళ్లు ఏం అడిగినా కాగితం మీద రాసిమ్మనండి, సగం అక్కడే ఆగిపోతుంది. ఆగకపోతే మండల విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 32వ సెక్షన్ ప్రకారం మూడు నెలల్లో తేల్చాలి.

మీ భయం నాకు అర్థమవుతుంది, పిల్లని అదే గదిలో కూర్చోబెట్టి స్కూలుతో పోట్లాడటం ఏ తండ్రికైనా కష్టమే. అందుకే ఒంటరిగా వెళ్లకండి. ఆ స్కూల్లో మీలా సీటొచ్చినవాళ్లు ఇంకో నలుగురైదుగురు ఉంటారు, అందరూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి.

ఈ కోటా సంగతిలో ప్రభుత్వాల తప్పు కూడా చెప్పాలి. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్లు 2022-23లో గానీ మొదలు కాలేదు, తెలంగాణలో పదేళ్లకు పైగా అసలు ఊసే లేదు. అప్పుడు ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలు ఇప్పుడు కాలేజీకొచ్చారు, వాళ్ల సీట్లు వాళ్లకు ఎవరిస్తారు?

ప్ర: కొత్త విద్యా విధానం ఐదో తరగతి దాకా మాతృభాషలో చెప్పమంటోంది. పెద్దోళ్ల పిల్లలు ఎల్‌కేజీ నుంచే ఇంగ్లిష్ మీడియం. మా పిల్లలకు మాత్రం తెలుగు మీడియమా? ఇది మమ్మల్ని కిందనే ఉంచడం కాదా?
— డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జ: నీ కోపంలో న్యాయం ఉంది తమ్ముడూ, అది పక్కనపెట్టి భాష గొప్పదనం గురించి పాఠం చెప్పను.

2020 విధానంలో ఉన్న మాట, సాధ్యమైన చోటల్లా ఐదో తరగతి దాకా, వీలైతే ఎనిమిది దాకా ఇంటిభాషలో బోధించాలి అని. ప్రైవేటు బడులూ పాటించాలని కూడా రాశారు, కానీ ఆ 'సాధ్యమైన చోటల్లా' అనే మాటలోంచి ప్రైవేటు స్కూళ్లన్నీ బయటికి వెళ్లిపోయాయి. 2009 చట్టంలోనూ అంతే. నియమం కాగితం మీద అందరికీ, అమల్లో పేదపిల్లలకే. అందుకే 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులన్నిటినీ ఇంగ్లిష్ మీడియం చేస్తామని జీవో ఇస్తే చాలామంది తల్లులు సంతోషించారు, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేస్తే బాధపడ్డారు. ఆ తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలొచ్చాయి. తెలంగాణలోనూ 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియమే, అలాంటి పుస్తకాలే.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెప్తాను. ఆరేళ్ల పిల్ల ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చదవడం నేర్చుకోవాలి. పిల్లకు అర్థం తెలియని మాటను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివితే అది చదువు కాదు, నోటిపాఠం. అదే సమయంలో ఒకటో తరగతి నుంచే ఇంగ్లిష్‌ను ఒక భాషగా, ఇంగ్లిష్ బాగా వచ్చిన టీచరుతో చెప్పించాలి. ఇప్పుడు జరుగుతున్నది ఈ రెండూ కాదు, పుస్తకం ఇంగ్లిష్‌లో, చెప్పేది తెలుగులో, ప్రశ్నకు జవాబు బట్టీలో. పైన రాసిన పదమూడు నిమిషాల బడిలో ఏ మీడియం పెట్టినా ఒకటే. నువ్వు అడగాల్సింది ఇంగ్లిష్ చెప్పగల టీచర్ని. బోర్డు మీద మీడియం పేరు మార్చడానికి ప్రభుత్వానికి ఖర్చేమీ లేదు, టీచర్ని ఇవ్వాలంటే ఖర్చవుతుంది, అందుకే ముందు బోర్డు మారుతుంది.

ఇంకొకటి, మన గొడవంతా తెలుగా ఇంగ్లిషా అని జరుగుతుంటే ఆదిలాబాద్‌లో గోండి మాట్లాడే పిల్లని, శ్రీకాకుళం ఏజెన్సీలో సవర మాట్లాడే పిల్లని ఎవరూ అడగడం లేదు. వాళ్లకు తెలుగు మీడియం కూడా పరాయి మీడియమే. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, గోండి, కొలామీ లాంటి భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు తెచ్చారు. మంచి పని అది. దాన్ని బలంగా కొనసాగించి ఉంటే ఆ పిల్లలు ఈపాటికి ఎక్కడుండేవాళ్లో!

ప్ర: ఫెయిల్ చేయకపోవడం వల్లే పిల్లలు చదవడం లేదు. మళ్లీ ఫెయిల్ చేయడం మంచిదే కదా?
— విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జ: కాదండీ. విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణతో 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పితే రెండు నెలల్లో మళ్లీ పెట్టి, అప్పటికీ తప్పితే ఆపేయొచ్చని రాష్ట్రాలకు వీలిచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బడులకు అది అమల్లోకి తెచ్చింది. కానీ పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూసే అసర్ సర్వే 2024 లెక్క చూడండి, గ్రామాల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవగలిగింది వందకు 23 మంది. మిగతా 77 మంది చదవడం లేదన్న సంగతి మూడో తరగతిలోనే తెలుస్తుంటే ఐదు దాకా ఆగి వాళ్లను ఫెయిల్ చేయడం ఎందుకు? ఆ రెండు నెలలు విడిగా చెప్తామనే పాఠాలు మూడో తరగతిలోనే చెప్పొచ్చు. బడి తన పని చేయనందుకు శిక్ష పదేళ్ల పిల్లకు పడకూడదు.

ప్ర: మా ఊళ్లో ఎనిమిది దాకానే ఉంది. హైస్కూలు ఏడు కిలోమీటర్లు, బస్సు లేదు. చెల్లిని మాన్పిద్దామంటున్నారు నాన్న.
— ఒక అన్న, నాగర్‌కర్నూల్ జిల్లా

జ: మాన్పించనివ్వకు. కస్తూర్బా బాలికా విద్యాలయం మండలంలో ఎక్కడుందో రేపే కనుక్కో. హాస్టల్, భోజనం ఉచితం, చాలా వాటిల్లో ఇప్పుడు ఇంటర్ దాకా ఉంది. సీటు దొరికితే నాన్నకు ఖర్చు మాట ఉండదు, దారి భయమూ ఉండదు.

చట్టంలో ఉన్న పెద్ద లోపం నీ చెల్లి దగ్గరే బయటపడింది. ఉచిత నిర్బంధ విద్య ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకానే హక్కు. 2020 విధానం మూడు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా అందరికీ చదువు అని రాసింది గానీ చట్టాన్ని మార్చలేదు. విధానంలో రాస్తే అది ఆశ, చట్టంలో రాస్తేనే కోర్టుకెళ్లి అడగొచ్చు. పద్నాలుగేళ్లు నిండిన రోజున ఆడపిల్లను బడి గుమ్మం దగ్గర వదిలేసే చట్టాన్ని మార్చమని మనం గట్టిగా అడగాలి.

ప్ర: అన్నీ ఉచితంగా కావాలంటే డబ్బెక్కడిది? పన్నులు కట్టేది మేము.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జ: మీ ఫారం 16 తీసి చూడండి, ఆదాయపు పన్ను మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు ఉంటుంది. 2004లో ప్రాథమిక విద్య కోసమని 2 శాతంతో మొదలైంది, 2018 నుంచి ఇలా అయింది. అంటే బడి కోసమని మీ దగ్గర విడిగా వసూలు చేస్తూనే ఉన్నారు. ఈ సెస్సులో రాష్ట్రాలకు పన్నుల్లో వచ్చినట్టు వాటా రాదు, మరి టీచర్లలో ఎక్కువమందికి జీతాలిచ్చేది రాష్ట్రాలే. ఆ డబ్బు ఎటు పోతోందని అడిగే హక్కు అందరికన్నా ముందు మీకుంది.

విద్య మీద కేంద్రం వేసిన కొఠారి కమిషన్ 1966లోనే జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలంది. 1968 విధానం ఒప్పుకుంది, 1986 విధానం ఒప్పుకుంది, 2020 విధానమూ ఒప్పుకుంది. అదే 2020 పత్రంలో అప్పటికి పెడుతున్నది సుమారు 4.43 శాతమని కూడా వాళ్లే రాశారు. మూడు తరాల పిల్లలు బడి దాటి వెళ్లిపోయారు ఈలోగా. ఆ కమిషనే ఇంకో మాట కూడా చెప్పింది, ఏ కులం, ఏ ఆదాయం వాళ్ల పిల్లలైనా చుట్టుపక్కలున్న ఒకే బడిలో కలిసి చదవాలని. కలెక్టరు గారి అబ్బాయి, ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయి కొడుకు ఒకే బల్ల మీద కూర్చుంటే ఆ బడికి టీచరు రాకుండా ఎన్నాళ్లుంటాడు?

డబ్బు విషయంలో కేంద్రం తీరు గురించి కూడా రాయాలి. 1976లో రాజ్యాంగ 42వ సవరణతో విద్య, కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది, బడుల కోసం ఇద్దరూ కలిసి డబ్బు పెట్టే సమగ్ర శిక్ష పథకంలో చాలా రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టాలి. 2020 విధానం అమలు చూపే బడుల కోసం కేంద్రం పెట్టిన పీఎం శ్రీ పథకం ఒప్పందం మీద సంతకం పెట్టలేదని తమిళనాడుకు 2024-25లో రెండు వేల కోట్లకు పైగా సమగ్ర శిక్ష నిధులు ఆపేశారు, 2025లో అక్కడ 25 శాతం సీట్ల భర్తీ కూడా నెలల తరబడి ఆగింది. విధానం మీద రెండు ప్రభుత్వాలకు పడకపోవచ్చు, వాదించుకోనివ్వండి, కానీ పిల్లల డబ్బు పట్టుకుని బేరం ఆడటం అన్యాయం. రేపు ఇంకో ప్రభుత్వం ఇంకో రాష్ట్రానికి ఇదే చేస్తే అప్పుడూ నేను ఇదే రాస్తాను.

ప్ర: నన్ను బడి కమిటీలో మెంబరుగా వేశారు. మీటింగని పిలిచి సంతకం పెట్టించుకుని పంపించేస్తున్నారు. మాలాంటివాళ్లం ఏం చేయగలం?
— ఇద్దరు పిల్లల తల్లి, ప్రకాశం జిల్లా

జ: అమ్మా, మొత్తం ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెప్తోంది. తర్వాతి సెక్షన్ ఇంకా ముఖ్యం. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది మీ కమిటీయే, ప్రభుత్వం ఇచ్చే నిధులకు అదే ఆధారం కావాలి. ఏ తరగతిలో ఎంతమంది చేరతారు, అదనంగా ఎంతమంది టీచర్లు కావాలి, గదులేమిటి, డబ్బెంత అన్నవి అందులో ఉండాలని నిబంధనల్లో ఉంది. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే తయారు కావాలి, అంటే డిసెంబరు ఆఖరుకు.

కాబట్టి ఈసారి మీటింగులో సంతకం పెట్టేముందు ఆ ప్రణాళిక చదివి వినిపించమనండి. లేదంటే ఉత్త పేపరు మీదే రాద్దామనండి. టీచర్లు అన్నచోట ప్రస్తుతం ఎంతమంది, చట్టం ప్రకారం ఎంతమంది ఉండాలి, తరగతికొకరు చొప్పున అయితే ఎంతమంది అని మూడు అంకెలూ వేయించండి. మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, ఒక కాపీ మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నెలకు జవాబు రాకపోతే సమాచార హక్కు కింద, ఫలానా తేదీన ఇచ్చిన మా ప్రణాళిక మీద ఏం చేశారని అడగండి. మాస్టారు భయపడితే ఆయన మీద ఫిర్యాదు కాదని, ఆయనకు తోడు కోసమే అడుగుతున్నామని ముందే చెప్పండి. మొదటి ఉత్తరం రాసిన తల్లీ, మీరూ ఇదే చేయండి.

ముద్ర పడిన కాగితాన్ని ఫొటో తీసి నాకు పంపండి. డిసెంబరు ఆఖరుకు ఎన్ని బడుల నుంచి వచ్చాయో, ఏ మండలం జవాబిచ్చిందో, ఏది ఇవ్వలేదో ఈ పేజీలోనే వేస్తాను.